హన్నాబాయి పందిరి

ఆ ఏడు దసరా వెళ్లాక వచ్చిన పున్నమికి మా పక్కింటివాళ్లు శుభ్రమైన సిమెంటు ఇల్లు వదిలేసి, పెరట్లో వేసుకున్న ఆకుల పందిట్లోకి కంచాలు మార్చారు. అప్పటికి మా అత్తమ్మ మా ఇంట్లో అన్నం ముట్టక మూడు నెలలు కావస్తోంది. ఈ రెండింటికీ ఏదో సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు. అంత తీరిగ్గా ఆలోచించే స్థితిలోనూ లేను. నాకప్పుడు ఆరో నెల.

అది అరవై రెండో సంవత్సరం. నందికొండ దగ్గర ఆనకట్ట పని జోరుగా సాగుతోంది. మా ఆయన గుర్వయ్య క్వారీలో కంప్రెషర్ మీద పని చేసేవాడు. బండకు బెజ్జాలు వేయడం ఆయన పని, వాటిలో మందు కూరి పేల్చడం వేరేవాళ్ల పని. మధ్యాహ్నం అన్నాల వేళకు ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి సైరన్ కూసేది. కాసేపటికి కొండ ఒళ్లు విరుచుకున్నట్టు చప్పుడు. కాలనీ అంతటా అరల మీద గిన్నెలు గలగలలాడేవి. కొత్తలో ఉలిక్కిపడేదాన్ని గానీ నెల తిరిగేసరికి అలవాటైపోయింది. సైరన్ వినబడితే కంచాలు కడిగి పెట్టుకునేదాన్ని.

ఆ క్వార్టరు ప్రాజెక్టు వాళ్లు ఇచ్చింది. రెండు గదులు, పైన స్లాబు, వంటింట్లో అరలు. జంట ఇళ్లు కావడంతో మాకూ పక్కవాళ్లకూ కలిపి ఒకటే పెరడు, ఒకటే నల్లా. నేను పుట్టిందీ, పెరిగిందీ, కాపురానికి వెళ్లిందీ గడ్డి కప్పుల కిందే. వానాకాలం వచ్చిందంటే ఏ మూల కురుస్తుందో, ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో చూసుకోవడంతోనే సరిపోయేది. ఈ ఇంట్లో మొదటి వాన పడిన రోజు పనంతా మానేసి నేల మీద వెల్లకిలా పడుకుని స్లాబు వంక చూస్తూ ఉండిపోయాను. ఒక్క బొట్టు రాలేదు. ఆ రోజు కలిగినంత సంతోషం పెళ్లి రోజు కూడా కలగలేదు.

ఆ సంతోషం తీరకముందే, తొలి ఏకాదశి దాటగానే అత్తమ్మ దిగింది. బీరమ్మ ఆమె పేరు. దేవరకొండ పక్క పల్లె, గొర్ల మందల మధ్య పెరిగిన మనిషి. నాకు తల్లి లేదు. పురుడు పోయడానికి అత్తమ్మే దిక్కని ఆమెకు కబురు పంపింది నేనే. ఆమె వెంట వచ్చిన మూడు మేకలకు మాత్రం నేను కబురు పంపలేదు.

మొదటి రోజులు బాగానే గడిచాయి. ఒక మధ్యాహ్నం లోపల కూర్చుని అన్నం తింటున్న మనిషి ఉన్నట్టుండి కంచం ఎత్తుకుని బయటికి నడిచింది. మేకల దగ్గర కూర్చుని మిగతాది తిన్నది. అన్నంలో రాయి వచ్చిందేమో, కూర కారమైందేమో అనుకున్నాను. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. ఒక ఆదివారం మా ఆయన కంట పడింది.

"ఇంట్ల అన్నం ఇంట్ల తినాలె అమ్మా. గిట్ల బయట కూసొని తింటే నలుగురు ఏమంటరు? కోడలు సక్కగ పెడ్తలేదంటరు."

"అననియ్యి. వాళ్ల నోరు, వాళ్లిష్టం."

"తింటే లోపల తిను. లేకుంటే లేదు."

కోపంలో అన్న మాట అది. అత్తమ్మ దాన్నే పట్టుకుంది. మర్నాడు పొద్దున నేను తలుపు తీసేసరికి పెరటి మూల మేకలకు వేసిన పాక పక్కన మూడు రాళ్లు పెట్టి, వాటి మీద కుండ ఎక్కించి, జొన్న గటుక ఉడికిస్తోంది.

అత్తకూ కోడలికీ వేరు పొయ్యి. అదీ పెళ్లయిన రెండేళ్లకే. అదీ కోడలు కడుపుతో ఉండగా. అదీ చుట్టుపక్కల వరుసలన్నిటికీ కనబడేలా పెరట్లో. ఎందుకని అడిగితే ఆమె రోజుకొక కారణం చెప్పేది. నల్లా నీళ్లు మందు వాసన వస్తున్నయ్. గచ్చు మీద కూసుంటే మోకాళ్లు పట్టేస్తున్నయ్. నేను కనబడకుంటే మేకలు అరుస్తున్నయ్. ఒకరోజు ఏ కారణమూ దొరకక "నాకు గిట్లనే బాగున్నది" అన్నది. వాన పడితే గొంగడి కొప్పెర వేసుకుని మేకల పాకలో కూర్చునేది. పడక కూడా అక్కడే. నాకు మాత్రం ఏ లోటూ చేసేది కాదు. పొద్దున లేచేసరికి నీళ్లు కాగి ఉండేవి, నా పాదాలకు నూనె రాసేది. నా చేతి అన్నం మాత్రం తినేది కాదు. తిట్టినా బాగుండేదనిపించేది.

ఇక పక్కింటివాళ్ల సంగతి. శాంసన్ సాబు ప్రాజెక్టు వర్క్‌షాపులో ఫిట్టరు. భార్య హన్నాబాయి, రూబీ అని ఐదేళ్ల కూతురు. బొంబాయి దిక్కు కొంకణం వాళ్లు, ఇంట్లో మరాఠీ మాట్లాడుకునేవారు. హన్నాబాయికి తెలుగు మా పెరటి నల్లా దగ్గర పట్టుబడింది. వాళ్లేమిటో కాలనీలో ఎవరికీ అంతుపట్టలేదు. పేర్లు విని కిరస్తానీలన్నారు, కానీ చర్చికి పోరు. సాబు నెత్తిన టోపీ పెట్టుకుని ఏదో చదువుతుంటే ముసల్మానులన్నారు, కానీ ఎదురు వరుసలో ఉండే లారీ డ్రైవరు భార్య ఖాదర్‌బీ "మావోళ్లు కానే కాదు" అని కొట్టిపారేసింది. శనివారం పొయ్యి రాజేయరు. మాంసం తిన్న పూట పెరుగు ముట్టరు. పొలుసు లేని చేప తినరు. "మేము యూదులం" అని హన్నాబాయి చెప్పేది. ఆ మాటతో ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

దసరా వెళ్లగానే శాంసన్ సాబు సెలవు పెట్టి, సరిగ్గా పెరటి నడిమధ్య నాలుగు వెదురు గుంజలు పాతడం మొదలుపెట్టాడు. నేను బట్టలు ఆరేసుకునే తీగ కూడా విప్పేశాడు.

"గోడవారకు వేసుకోరాదా హన్నాబాయి? గిట్ల నడుమ వేస్తే నేనెట్ల తిరగాలె?"

"గోడ దగ్గర నడవదు సోమమ్మా. పైన ఇంటి చూరు రావద్దు, చెట్టు రావద్దు. ఖాళీ ఆస్మాన్ ఉండాలె."

"గిదేం పండుగ?"

ఆమె తట్టలోంచి కొమ్మలు అందిస్తూ చెప్పింది. వాళ్ల పెద్దలు పరాయి రాజు కింద వెట్టి చేసి, అక్కణ్నుంచి బయటపడి, నలభై ఏళ్లు ఎడారిలో ఇలాంటి పందిళ్లలోనే గడిపారట. అది మరిచిపోకూడదట. పంట ఇంటికొచ్చే రోజుల్లో వస్తుంది పండుగ. "గింజలు ఇంట్ల పడ్డయ్, ఇల్లు పక్కాగ ఉన్నది, ఇంక నాకేం తక్కువ అని గర్వం రావద్దు. అందుకే ఏడు దినాలు బయట తినాలె."

"నాకు పక్కా ఇల్లు దొరికి ఇంకా ఏడాది గాలేదు" అన్నాను. "నాకైతే జర గర్వం రానియ్యి హన్నాబాయి."

ఆమె నవ్వింది. నేను నవ్వుతాలుకు అనలేదు.

అత్తమ్మ వచ్చి పందిట్లో నిలబడి పైకి చూసింది. మేడి కొమ్మలు నాలుగు అడ్డంగా, నాలుగు నిలువుగా పడేసి ఉన్నాయి.

"ఎవలు కప్పిండ్రు గిది? మొగులంత కనబడతాంది. జరుగుండ్రి బిడ్డా, నేను కప్పుత. వాన దిగితే నన్ను అడుగు."

"వద్దమ్మా" అన్నది హన్నాబాయి. "వాన దిగాలె. రాత్రి సితారలు కానరావాలె. అట్ల ఉంటేనే మా పండుగకు పనికొస్తది. గట్టి కప్పు ఉంటే అది ఇల్లు అయితది, పందిరి కాదు."

అత్తమ్మ ఇంకాసేపు అలాగే చూసింది. "మంచిదే" అన్నది చివరికి. "మీద పడితే ఆకే పడ్తది."

ఎగతాళి చేస్తోందనుకుని నేను ఆమెను లోపలికి పిలిచాను. ఆమె రాలేదు. అది మామూలే.

శనివారం పొద్దున లేచేసరికి పందిరి మీద ఆకు లేదు. మా కట్టెల మోపు ఎక్కి, అక్కణ్నుంచి పందిరి మీదికి మెడలు చాచి మూడు మేకలూ కలిసి మేడాకంతా ఊడ్చిపెట్టాయి. ఒకటి ఇంకా కట్టెల మీదే నిలబడి నెమరు వేస్తోంది. ఆ సాయంత్రం పున్నమి. చీకటి పడితే పండుగ మొదలు.

హన్నాబాయి వాకిట్లో నిలబడి బోసి వెదుళ్ల వంక చూస్తోంది. శాంసన్ సాబు కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఇద్దరూ కదలరు.

"ఇంక కొమ్మలు తెచ్చుకోరా?" అన్నాను.

"ఈ దినం శనివారం" అన్నది హన్నాబాయి. "చెట్టు కొట్టొద్దు, కప్పు వేయొద్దు. ఏ పనీ చేయొద్దు."

"మరెట్ల?"

ఆమె మళ్లీ వెదుళ్ల వంక చూసింది. మమ్మల్ని చేయమని అడగడం కూడా వాళ్లకు తప్పేనట. అది నాకు తర్వాత తెలిసింది. ఆమె కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి. బొంబాయి వదిలి వచ్చాక పోయినేడు ఇల్లు దొరకక పండుగ చేసుకోలేదనీ, వరసగా రెండేళ్లు పోతే రూబీకి ఇక ఏం గుర్తుంటుందనీ ఆమె అంతకుముందే రెండు మూడుసార్లు నాతో చెప్పుకుంది.

అత్తమ్మ కొడవలి తీసుకుంది. "నడువ్ పిల్లా. మన మేకలు తిన్నయ్, మనమే తేవాలె. తంగేడు కప్పుదాం. తంగేడును అవి ముట్టవు."

"గా మాట నిన్న చెప్తే ఏమాయె?"

"నన్ను ఎవలు అడిగిండ్రు? నేను కప్పుతనంటే వద్దంటిరి."

ఆరో నెల కడుపుతో, ఎండలో, గుట్ట వెనక్కి నేను. మేకలు నావి కావు, పండుగ నాది కాదు, శనివారం పని చేయొద్దన్న దేవుడు నాకు తెలియనే తెలియదు. అత్తమ్మ తంగేడు మండలు కొడుతుంటే నేను చిన్న మోపులు కట్టి తెచ్చాను. ఈత మట్టలు కూడా కొట్టింది. బతుకమ్మకు ఏరగా మిగిలిన పూలు ఇంకా కొమ్మలకు పచ్చగా ఉన్నాయి. ఇంటికొచ్చి ఆమె కట్టెల మోపు ఎక్కి కప్పుతుంటే, కింద నుంచి హన్నాబాయి చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. ఊరికే కప్పడమెందుకని అత్తమ్మ పైనుంచి ఆరా మొదలుపెట్టింది.

"బిడ్డా, మీరేం కులపోళ్లు?"

"కులం అంటే..." హన్నాబాయి ఆలోచించింది. "మా తాతలు ఊళ్ల నూనె గానుగ నడిపిరి. శనివారం గానుగ బంద్. అందుకని అక్కడ మమ్మల్ని శనివారం తేలీలు అనిరి."

"గానుగా?" అత్తమ్మ చేతిలో మండ ఆగింది. "అంటే మా ఊరి గాండ్లోళ్ల లెక్క. మరి గా ముచ్చట ఇన్నొద్దులు చెప్పకపోతిరి? వీళ్లు ఎవలో అని కాలనీ అంత తలకాయ పగులగొట్టుకుంటుండె."

అలా కాలనీ అంతా తేల్చలేకపోయిన సంగతి అత్తమ్మ కట్టెల మోపు మీద నిలబడి తేల్చేసింది. సందులు వదులుతూ, వంగి ఒక కంట ఆకాశం చూసుకుంటూ కప్పు పూర్తి చేసింది. నేను లోపలికి వెళ్లి పడుకున్నాను. నడుము విరిగిపోతోంది.

చీకటి పడ్డాక హన్నాబాయి పందిట్లో దీపాలు పెట్టింది. సాబు చేతిలో గిన్నె పట్టుకుని ఏదో భాషలో ప్రార్థన చేశాడు. పండుగకు ఇంటికి అతిథి రావాలట. మమ్మల్ని రమ్మన్నారు. మా ఆయన పనినుంచి రాలేదు, నేను చీర మార్చుకుని వెళ్లేసరికి ఆలస్యమైంది. వెళ్లి చూద్దును కదా, మా అత్తమ్మ చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ముందు కంచంలో అన్నం, కొబ్బరి వేసిన చేపల కూర, పక్కన ఖీరు. కొత్త బియ్యం కొబ్బరిపాలలో ఉడికించిన ఖీరట, ఆ నెలలో అది లేకుండా వాళ్లకు పండుగే లేదట. అత్తమ్మ వేళ్లు నాకుతోంది.

"సోమమ్మా, కూసో. మంచిగున్నది" అన్నది నాతో. తన సొంత ఇంటికి నేను చుట్టపుచూపుగా వచ్చినట్టు.

నేను కూర్చున్నాను. ఏం తిన్నానో నాకు గుర్తులేదు. ఎదురుగా ఆమె మారు అన్నం పెట్టించుకోవడం మాత్రం గుర్తుంది.

మర్నాటి నుంచి అదే వరస. పొద్దున సాబు ఈత మట్టనూ, రెండు రకాల రెమ్మలనూ, బొంబాయి నుంచి తెప్పించిన దబ్బపండునూ కలిపి పట్టుకుని నాలుగు దిక్కులకూ, పైకీ కిందికీ ఊపుతూ ప్రార్థన చేసేవాడు. అత్తమ్మ పళ్లు తోముకుంటూ చూసేది. మధ్యాహ్నం సైరన్ కూయకముందే వెళ్లి పందిట్లో కూర్చునేది. ఊరికే తినడం బాగుండదని మేకపాలు పట్టుకెళ్లేది. చేప వండిన పూట పాలు తర్వాత తాగుతామని హన్నాబాయి పక్కన పెట్టేది. దానికీ ఈమె తలూపేది. నేను కూరలో ఉప్పు మార్చినా ఒప్పుకోని మనిషి.

నల్లా దగ్గర ఖాదర్‌బీ బిందె దించి నా వంక చూసింది. "ఏం సోమమ్మా, మీ అత్తకు నీ చేతి అన్నం దిగదుగాని బొంబాయి అన్నం బాగనే దిగుతున్నదట? నువ్వు కూడ జర నేర్చుకోరాదు, ఆ మసాలా ఏందో."

నీళ్లు సగం కూడా నిండని బిందె ఎత్తుకుని వచ్చేశాను. అత్తమ్మ మేక పొదుగు కడుగుతోంది.

"అత్తమ్మా, హన్నాబాయి ఏ బియ్యం వండుతాంది? మన దుకాణం బియ్యమే కదా. ఏ నీళ్లు పోస్తాంది? మందు వాసన నీళ్లే కదా."

"అవే."

"మరి?"

"పండుగాయె బిడ్డా. పిలిస్తే పోకుంటే ఏం బాగుంటది?"

"మనింట్ల దసరా కాలేదా? యాట కూర వండిన కదా. ఎంత బతిమాలిన?"

ఆమె మేక కాలు వదిలి నా కాళ్ల వంక చూసింది. "పాదాలు వాసినయ్ పిల్లా. పో, జర కాళ్లు చాపుకొని కూసో. నూనె కాగవెట్టుకొస్త."

ఈ మనిషితో పోట్లాడటం కూడా కుదరదు.

ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయన తేల్చేశాడు. క్వారీలో కూడా అదే మాటట. నీ అమ్మ పక్కింట్లో తింటున్నదంట కదా అని ఎవరో అన్నారట. "ఇగ చాలు. గా పందిరి విప్పంగనే నకిరేకల్ తోలుకపోత. అక్క దగ్గర ఉంటది. అక్కడ తింటదో, ఇంక ఏం జేస్తదో, మనకు తెల్వకుంట జేస్తది."

"మరి నా పురుడు?"

"దవాఖాన ఉన్నది కదా."

"దవాఖాన ఇంటికొచ్చి నీళ్లు కాస్తదా? బిడ్డకు లాల పోస్తదా? నువ్వు పొద్దుగాల పోయి రాత్రికి వస్తవ్. నాకెవలున్నరు?"

ఆయన కంచం పక్కకు జరిపాడు. "మరి నువ్వే చెప్పు, ఏం జెయ్యాలె" అన్నాడు.  లేచి వెళ్లి నకిరేకల్ సంగతి అత్తమ్మతోనే చెప్పాడు. "పోత తియ్" అన్నది ఆమె. అంతే. వద్దనలేదు, ఏడవలేదు, ఒక్క మాట దెబ్బలాడలేదు. నా అవసరం నాకే ఉంది, ఆమెకు లేదన్నమాట. ఆ రాత్రంతా పక్క మీద దొర్లుతూ ఆమెను మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను.

పండుగ నడుమ ఒకరోజు పొద్దున్నుంచీ ముసురు పట్టింది. అన్నాల వేళకు గట్టి వాన దిగింది. తంగేడు సందుల్లోంచి ధారలు. హన్నాబాయి కంచాలూ గిన్నెలూ చకచకా లోపలికి చేర్చింది. వాన పడి అన్నం పాడయ్యేలా ఉంటే ఇంట్లో తినొచ్చని వాళ్లకు నియమమే ఉందట. సాబు, రూబీ ముందే లోపలికి పరుగెత్తారు. అత్తమ్మ మాత్రం లేవలేదు. గొంగడి నెత్తికి కప్పుకుని, కంచం ఒళ్లో పెట్టుకుని, నీళ్లు తేలుతున్న అన్నం అలాగే తింటోంది.

"అమ్మా, లోపలికి రా. ఇప్పుడు తప్పు లేదు" అని హన్నాబాయి వాకిట్లోంచి పిలిచింది.

"అవ్వా, రా" అని రూబీ.

"మీరు తినుండ్రి. నాకేం గాలే."

నాకు తిక్క రేగింది. మూడు నెలల కోపం అంతా కట్టగట్టుకుని వచ్చింది. కొంగు నెత్తిన వేసుకుని వానలోకి దిగాను.

"వాళ్ల దేవుడే లోపలికి పొమ్మంటున్నడు అత్తమ్మా. నీకేం వచ్చింది? వాళ్లింటికన్న పో. మా ఇంటికొద్దు, వాళ్లింటికే పో. గిట్ల వానల కూసొని నన్నెందుకు బద్నాం జేస్తవ్?"

చేయి పట్టి లాగాను. అప్పుడే సైరన్ కూసింది.

ఆమె నా చేయి విడిపించుకోలేదు. తిప్పి నా మణికట్టే పట్టుకుంది. పారిపోయే మేకను వెనకకాలు పట్టి ఆపే పట్టు అది. నన్ను కిందికి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"కూసో."

"తడుస్తున్న అత్తమ్మా."

"కూసో అంటున్న కదా."

గొంగడి తీసి నా నెత్తి మీద కప్పింది. తను వానలో తడుస్తూ కూర్చుంది. ఒక చేయి నా కడుపు మీద ఆనించింది. కంచం ఎక్కడో బోర్లాపడింది. ఎప్పటిలా కొండ పేలింది. నేల సన్నగా అదిరింది. మా వంటింట్లో అర మీంచి ఏదో గిన్నె దొర్లిపడిన చప్పుడు. నేను ఆమె ముఖం చూశాను. ఆమె నన్ను చూడటం లేదు. మా ఇంటి స్లాబును ఈ కొస నుంచి ఆ కొసదాకా చూస్తోంది. తర్వాత క్వారీ దిక్కు తిరిగింది. రెండోది పేలింది, మూడోది పేలింది. అంతా సద్దుమణిగి, వాన చప్పుడు ఒక్కటే మిగిలాక ఆమె చేతి పట్టు వదులైంది.

"ఇగ పో. పోయి తడి చీర మార్చుకో."

"అత్తమ్మా" అన్నాను. "నువ్వు లోపలికి రానిది గా స్లాబు మీద..."

ఆమె నా నోటి మీద చేయి పెట్టింది. తడి చేయి, చేపల కూర వాసన వేస్తోంది.

"అనకు. కడుపుతోటి ఉన్నదానివి, నీ ఇంటి మీద నువ్వు గసొంటి మాట తియ్యొద్దు. నేను ఒక్కపారి గూడ అన్లే. వచ్చిన కాణ్నుంచి అన్లే."

నేను లోపలికి వెళ్లి చీర మార్చుకున్నాను. వంటింట్లో గచ్చు మీద సున్నం పెచ్చులు నాలుగు రాలి ఉన్నాయి. రోజూ రాలేవే. రోజూ ఊడ్చేదాన్నే. వాటిని చూసి పైకి తలెత్తాలని నాకెప్పుడూ తోచలేదు. ఆమె చూసింది. వచ్చిన కొత్తలో ఆ మధ్యాహ్నం కంచం ఎత్తుకుని బయటికి నడిచింది ఆ స్లాబు భయానికే.

జాలి కలిగిందని చెప్పను. ముందు కోపమే వచ్చింది. ఒక్క మాట చెప్తే పోయేదానికి వేరు పొయ్యి, మందు వాసన, మోకాళ్ల నొప్పులు. కాలనీలో నా పేరు చెడింది, ఖాదర్‌బీ నోట నానింది, ఇప్పుడు నా పురుటికి దిక్కు లేకుండా పోతోంది. అంతా నా కడుపు ముందు ఒక చెడ్డమాట అనకూడదని. పోనీ మా ఆయనకు చెబుదామా అనుకున్నాను. చెబితే ఏం చేస్తాడో నాకు తెలుసు. ముందు నవ్వుతాడు. తర్వాత తల్లిని స్లాబు కింద నిలబెట్టి లోపల ఎంత ఇనుము వేశారో వివరిస్తాడు. మర్నాడు క్వారీలో అందరికీ చెప్తాడు. ఆమె తాను కష్టపడి దాచిన మాటను అందరి నోటా వింటుంది. అప్పుడు నిజంగానే నకిరేకల్ వెళ్లిపోతుంది, ఎవరూ తోలుకెళ్లకుండానే.

ఎవరికీ చెప్పలేదు.

పండుగ దాటిన పొద్దున్నే శాంసన్ సాబు పందిరి విప్పడం మొదలుపెట్టాడు. ఎండిన తంగేడు కుప్పగా పడింది. అత్తమ్మ తన మూట పక్కన పెట్టుకుని చూస్తోంది. కుండ కడిగి గుడ్డలో కట్టేసింది, మూడు రాళ్లూ పక్కకు దొర్లించింది.

"మంచిగ నిలవడ్డదాన్ని ఎందుకు విప్పుతరు బిడ్డా?" అన్నది హన్నాబాయితో.

"విప్పాలె అమ్మా. పండుగ అయిపోయె. ఇప్పుడు ఇంట్లకు పోవాలె. ఊరికే బయట ఉండొద్దు."

"గట్లనా" అన్నది అత్తమ్మ.

ఖాదర్‌బీ పెనిమిటి లారీ ఆ రోజు నకిరేకల్ మీదుగా పోతుందని మా ఆయన మాట్లాడి పెట్టాడు. లారీ వీధి చివర ఆగి ఉంది. మేకలను అప్పటికే ఎక్కించారు. అవి అరుస్తున్నాయి. ఖాదర్‌బీ తన గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ఒక్కతే కాదు, వరసంతా నిలబడి ఉంది. మా ఆయన మూట ఎత్తబోయాడు.

"సాబ్" అని నేను శాంసన్ సాబును పిలిచాను. "గా గుంజలు లోపల పెట్టకుండ్రి. మా దిక్కు పాతియ్యుండ్రి. కప్పు నేను వేసుకుంట."

మా ఆయన మూట పట్టుకునే నిలబడ్డాడు. "ఎందుకు?"

"నాకు లోపల ఉడకపోస్తాంది. వంటింట్ల నిలవడ్తలేను. పురుడు అయ్యేదాంక పొయ్యి బయటనే. అన్నాలు గూడ బయటనే."

"పిచ్చి లేసిందా? పక్కా క్వార్టరు పెట్టుకొని?"

"హన్నాబాయి వాళ్లకు లేదా క్వార్టరు? వాళ్లు తిన్లేదా బయట?"

"వాళ్లది పండుగ."

"నాది కడుపు. అత్తమ్మను తోలుకపోతే బయట పొయ్యికాడ నేనొక్కదాన్ని ఎట్లుంట? కుక్కలొస్తయ్, మేకలొస్తయ్. నువ్వు సెలవు పెట్టి నాతోటి కూసుంటవా?"

ఆయన నా వంక, తల్లి వంక మార్చి మార్చి చూశాడు. వీధి చివర లారీ హారన్ కొట్టింది.

అప్పుడు అత్తమ్మ నోరు తెరిచింది. "ఉడుకేడిది పిల్లా? తెల్లారగట్ల వణుకుడు వెడ్తాంది కదా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత కష్టపడి నేనొక అబద్ధం నిలబెడితే దాన్ని కాలితో తన్నే మనిషి లోకంలో ఈమె ఒక్కతే ఉంటుంది. పళ్లు కొరుకుతూ ఆమె ముఖంలోకి చూశాను.

"నాకు ఉడుకైతాంది అత్తమ్మా."

ఆమె నన్ను చూసింది. మా స్లాబు వంక ఒకసారి చూసింది. మళ్లీ నన్ను చూసింది. సాబు గడ్డపార పట్టుకుని ఎటు తవ్వమంటారో అని ఎదురుచూస్తున్నాడు.

"కడుపుతోటి ఉన్నోళ్లకు గట్లనే ఉంటది" అన్నది కొడుకుతో. "మొగోనివి, నీకేం తెలుసు. పో, మేకలను దించు."

పుష్యమాసంలో పాప పుట్టేదాకా మా పొయ్యి పెరట్లోనే ఉంది. ఆ ఏడు చలి కూడా గట్టిగానే పెట్టింది. ఎదురు గుమ్మంలోంచి ఖాదర్‌బీ చూసి నవ్వుతుండగా, పళ్లు టకటకలాడుతుంటే, అత్తమ్మ గొంగడిలో సగం కప్పుకుని, లోపల ఒకటే ఉడుకని అడిగినవాళ్లకల్లా చెప్పుకుంటూ, పూటపూటా ఆమె పక్కనే కూర్చుని అన్నం తిన్నాను.